పాకెట్ నోట్లో రెండు బంతులు: పూల్ పోటీలు, ప్రైజ్ మనీ, టేబుల్ గురించి నా అనుభవం

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి: ప్రొఫెషనల్ పూల్ (టేబుల్ మీది బంతులను క్యూ అనే కర్రతో పాకెట్లలోకి కొట్టే ఆట) పోటీలు ఏ పద్ధతిలో జరుగుతాయి, ప్రైజ్ మనీ మీద ఆధారపడి బతకవచ్చునా, హైదరాబాద్‌లో మీరు ఆడే పార్లర్ టేబుల్‌కూ పోటీ టేబుల్‌కూ నిజంగా అంత తేడా ఉంటుందా అని. నేను ప్రొఫెషనల్‌ను కాను. విశాఖపట్నంలో కాలేజీ రోజుల్లో పూల్ నేర్చుకుని, ఉద్యోగరీత్యా అమెరికా వచ్చాక ఇక్కడి స్థానిక పోటీల్లో కొన్నేళ్లుగా ఆడుతున్నాను. ఒక జనవరిలో డెర్బీ సిటీ క్లాసిక్ అనే పోటీలో నైన్ బాల్ (తొమ్మిది నంబరు బంతులతో ఆడే పూల్; తొమ్మిదో బంతిని పాకెట్‌లో వేసినవారిది గెలుపు) విభాగంలో కూడా ఆడాను. మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా రెండింటినీ అది లేకుండా అర్థం చేసుకోలేము.

పోటీల్లో వాడేది తొమ్మిది అడుగుల టేబుల్. కుషన్ల (టేబుల్ అంచుల వెంట ఉండే రబ్బరు గట్ల) మధ్య ఆడే స్థలం 100 అంగుళాల పొడవు, 50 అంగుళాల వెడల్పు ఉంటుంది. పూల్ బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు కాబట్టి, మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాలుంటే రెండు బంతులు పక్కపక్కన సరిగ్గా సరిపోతాయి. నేను నేర్చుకున్న పార్లర్‌లో టేబుల్ ఎనిమిది అడుగులది; పాకెట్ నోట్లో రెండు బంతులు పెట్టినా పక్కన వేలు దూరేంత సందు మిగిలేది. మ్యాచ్‌రూమ్ సంస్థ నడిపే పెద్ద పోటీల్లో ఇటీవలి సంవత్సరాల్లో ఈ నోటిని నాలుగు అంగుళాలకు తగ్గించారు. అర అంగుళమే కదా అనుకోకండి. కుషన్ వెంట వెళ్లే బంతిని కాస్త వేగంగా కొడితే అది పాకెట్ అంచులకు అటూ ఇటూ తగిలి బయటికి వచ్చేస్తుంది. మెల్లగా కొడితే పడుతుంది గానీ, క్యూ బాల్ (మనం క్యూతో కొట్టే తెల్ల బంతి) తర్వాతి బంతి దగ్గరికి చేరదు. అంటే ఇరుకు పాకెట్ గురిని మాత్రమే కాదు, క్యూ బాల్‌ను ఎక్కడికి నడపగలమన్న స్వేచ్ఛను కూడా తగ్గిస్తుంది. పార్లర్ ఆటగాళ్లు మొదట దెబ్బతినేది ఇక్కడేనని నా నమ్మకం.

బట్ట సంగతి కూడా తక్కువది కాదు. పోటీ టేబుళ్ల మీద పరిచేది నూగు లేని, నున్నటి ఉన్ని బట్ట. బెల్జియంలో తయారయ్యే సైమోనిస్ 860 అందులో బాగా పేరున్న రకం. విశాఖలో సముద్రపు గాలికి బట్ట తేమ పీల్చుకునేది, బంతులు త్వరగా ఆగిపోయేవి, అందుచేత ప్రతి దెబ్బా గట్టిగా కొట్టడం మా అందరికీ అలవాటైంది. డెర్బీ సిటీలో మొదటి రోజు సాధనకు దిగినప్పుడు హాలు హీటర్ల వేడికి పొడిగా ఉంది, బట్ట కొత్తది. నాకు బాగా వచ్చిన మూడు కుషన్ల దెబ్బ ఒకటి పాత అలవాటు ప్రకారం కొట్టాను. క్యూ బాల్ నేను అనుకున్న చోటును దాటి రెండడుగులు ముందుకు పోయి, పక్క పాకెట్‌లో పడింది. ఆ సాయంత్రం రెండు గంటలపాటు బంతులేవీ పెట్టకుండా క్యూ బాల్ ఒక్కదాన్నే అటూ ఇటూ కొట్టి వేగం తెలుసుకున్నాను.

పోటీ పద్ధతుల విషయానికొస్తే, "రేస్ టు నైన్" అంటే ముందుగా తొమ్మిది రాక్‌లు (బంతులు పేర్చి ఆడే ఒక్కో ఆట ఒక రాక్; ఆ పేర్పునూ రాక్ అనే అంటారు) గెలిచినవారిది మ్యాచ్ అని అర్థం. ప్రపంచ నైన్ బాల్ చాంపియన్‌షిప్‌లో 128 మంది ఆడతారు. మొదటి దశ డబుల్ ఎలిమినేషన్: ఒకసారి ఓడినవారికి ఇంకో అవకాశం ఉంటుంది, రెండోసారి ఓడితే ఇంటికి. 64 మంది మిగిలాక అంతా నాకౌట్. ఫైనల్ 15 రాక్‌లకు ఆడతారు. 2024లో సౌదీ అరేబియాలోని జెద్దాలో జరిగిన ఫైనల్లో ఫెదోర్ గోర్స్ట్ ఎక్లెంట్ కాచి మీద 15-14తో గెలిచాడు. రాక్‌ల సంఖ్య తగ్గేకొద్దీ అదృష్టం పాలు పెరుగుతుంది. మాలాంటివారు పేరున్న ఆటగాడిని ఏడు రాక్‌ల మ్యాచ్‌లో ఎప్పుడైనా ఓడించవచ్చు గానీ పదిహేను రాక్‌ల మ్యాచ్‌లో దాదాపు అసాధ్యం.

మ్యాచ్‌రూమ్ పోటీల్లో రాక్ గెలిచినవాడే మళ్లీ బ్రేక్ (పేర్చిన బంతులను చెదరగొట్టే మొదటి దెబ్బ) చేస్తాడు, కనుక ఎదుటివాడి బ్రేక్ కుదిరితే మీరు కుర్చీలోంచి లేవకుండానే నాలుగైదు రాక్‌లు పోవచ్చు. బంతులను పలుచని షీటు మీద పేర్చడం మొదలయ్యాక అవి మధ్యలో సందు లేకుండా అతుక్కుని ఉంటున్నాయి, దాంతో బ్రేక్‌లో పక్క మూలనున్న బంతి మాటిమాటికీ మూల పాకెట్‌లో పడసాగింది. దాన్ని అరికట్టడానికి స్పాట్ (బంతులు పేర్చే చోట టేబుల్ మీదుండే గుర్తు) మీద ఒకటో నంబరు బంతికి బదులు తొమ్మిదో బంతి ఉండేలా రాక్‌ను ముందుకు జరిపారు. చూడటానికి చిన్న మార్పే, కానీ ఆటకు మేలు చేసిందని నేను మనస్ఫూర్తిగా అనుకుంటున్నాను.

డెర్బీ సిటీ క్లాసిక్ పద్ధతి వేరు. ఇది 1999 నుంచి జరుగుతోంది; కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరానికి దగ్గరలో, ఇండియానా రాష్ట్రం వైపు ఒహాయో నది ఒడ్డున ఉన్న క్యాసినో హోటల్లో ఆడతారు. ఫీజు కట్టిన ఎవరైనా ఆడవచ్చు, ప్రతి రౌండుకూ కొత్తగా చీటీ తీసి జోడీలు వేస్తారు, ఓడినవారు మళ్లీ డబ్బు కట్టి ఒక్కసారి తిరిగి రావచ్చు. నా మొదటి మ్యాచ్ 9-3తో పోయింది. స్కోరు 3-4 ఉన్నప్పుడు కుషన్‌ను ఆనుకున్న ఆరో బంతిని అవసరానికి మించిన వేగంతో కొట్టాను. అది అంచుల మధ్య రెండుసార్లు ఊగి, పాకెట్ నోటి దగ్గరే నిలిచిపోయింది. ఆ తర్వాత ఒక్క రాక్ కూడా గెలవలేదు. తిరిగి డబ్బు కట్టి ఒక మ్యాచ్ 9-7తో గెలిచి, ఆ మర్నాడు మళ్లీ ఓడిపోయాను.

ఇక డబ్బు. జెద్దా చాంపియన్‌షిప్ మొత్తం ప్రైజ్ మనీ పది లక్షల డాలర్లు, విజేతకు రెండున్నర లక్షలు. ఆ అంకె చూసి ఉద్యోగం మానేయాలని అనుకోవద్దని మిమ్మల్ని గట్టిగా కోరుతున్నాను. ప్రకటించిన సొమ్మంతా వెంటనే చేతికొస్తుందని కూడా లేదు: 2006లో ఇంటర్నేషనల్ పూల్ టూర్ అమెరికాలోని రీనో నగరంలో ఎయిట్ బాల్ (పూల్‌లో ఇంకో రకం) పోటీ పెట్టి విజేతకు ఐదు లక్షల డాలర్లన్నది, ఫిలిప్పీన్స్ ఆటగాడు ఎఫ్రెన్ రేయెస్ గెలిచాడు, నిర్వాహకులు ఆటగాళ్లకు సకాలంలో చెల్లించలేకపోయారు.

స్థానిక పోటీల్లో లెక్క ఇలా ఉంటుంది. 64 మంది తలా వంద డాలర్లు కట్టారనుకోండి. టేబుళ్ల ఖర్చు కింద ఒక్కొక్కరి డబ్బులోంచి ఇరవై పక్కకు తీస్తే 5,120 మిగులుతాయి. హాలు యజమాని రెండు వేలు కలిపితే మొత్తం 7,120. అందులోంచే పై స్థానాలవారందరికీ పంచాలి. ఇది కాక, ప్రేక్షకులు ఆటగాళ్లను వేలంలో కొనుక్కుని, తాము కొన్న ఆటగాడు గెలిస్తే వాటా తీసుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని ఇక్కడ "కలకత్తా" అంటారు, మన కలకత్తా పేరు మీదనే. ప్రయాణం, హోటల్, ఫీజు తీసేస్తే నాకు ఏ సంవత్సరమూ మిగులు లేదు. నాకన్నా ఎంతో బాగా ఆడేవారు కూడా పాఠాలు చెప్పి, క్యూ కంపెనీల స్పాన్సర్‌షిప్‌తో నెట్టుకొస్తున్నారు.

మీరు హైదరాబాద్‌లోనే ఉన్నారు కనుక, ముందు రాష్ట్ర స్థాయి ఎంపిక పోటీలు, ఆపైన బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా జరిపే జాతీయ పూల్ పోటీలు చూసుకోండి. ఫీజు కట్టేముందు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోండి: రేస్ ఎన్ని రాక్‌లకు, బ్రేక్ ఎవరిది, రాక్ ఎవరు పేరుస్తారు, పాకెట్ ఎన్ని అంగుళాలు. నాలుగోదానికి సరైన జవాబు రాకపోతే ఒకరోజు ముందుగా వెళ్లి, పాకెట్ నోట్లో రెండు బంతులు పెట్టి మీరే చూసుకోండి.