హంతకుడు తెలిశాక మిగిలేది: ఒక యువ రచయిత్రికి లేఖ

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితోపాటు పంపిన కథా రెండూ అందాయి. కథ గురించి తరువాత రాస్తాను. ముందు నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఎందుకంటే కథలో నాకు కనిపించిన లోటుకు మూలం ఆ ప్రశ్నలోనే ఉంది. హంతకుడెవరో ఒకసారి తెలిసిపోయాక నేరపరిశోధన సీరియల్‌ను మళ్ళీ ఎవరు చూస్తారు, డబ్బు పోసి డీవీడీలు కొని బీరువాలో ఎందుకు దాచుకుంటారు అని అడిగావు. రహస్యం బయటపడిన తరువాత కూడా ఆ కథలో చూడదగినది మిగిలి ఉంటుంది కాబట్టి దాచుకుంటారు. మిగలని వాటిని ఎవరూ దాచుకోరు. నేరకథ రాసేవాళ్ళు తమ రాతప్రతిని పరీక్షించుకోవడానికి ఇంతకంటే మంచి గీటురాయి నాకు తెలియదు.

నువ్వు పుట్టేనాటికి పరిస్థితి మారిపోయింది కాబట్టి వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. వీడియో క్యాసెట్ల రోజుల్లో బెజవాడలోనూ, మీ గుంటూరులోనూ జనం ఒక రాత్రికి క్యాసెట్లు ఆడించే వీసీపీని, దానితోపాటు రెండు మూడు సినిమాలను అద్దెకు తెచ్చుకునేవారు. సీరియల్ కావాలని అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఒక క్యాసెట్‌లో పట్టేది రెండు మూడు గంటలే అయినప్పుడు, పదమూడు గంటల కథను ఇంట్లో పెట్టుకోవడం మామూలు కుటుంబానికి అయ్యే పని కాదు. దూరదర్శన్‌లో డిటెక్టివ్ సీరియళ్ళు, 1985లో కరంచంద్ వచ్చినా, 1993లో బ్యోమకేశ్ బక్షీ వచ్చినా అందరం ఆ వేళకు టీవీ ముందు కూర్చునేవాళ్ళం, ఆ వేళకు కరెంటు పోతే ఆ వారం కథ పోయినట్టే. అటువంటి ప్రేక్షకుడి కోసం రాసేవాడు, ఏడు రోజుల్లో సగం మరిచిపోతారన్న లెక్కతోనే రాయాలి. చెప్పిందే మళ్ళీ చెప్పాలి, ఆనవాళ్ళను పెద్దవి చేసి చూపాలి, ఏ వారం కథను ఆ వారమే ముగించాలి. 1996లో జపాన్‌లో, 1997లో అమెరికాలో డీవీడీ అమ్మకానికి వచ్చాక ఈ లెక్క మారింది. ఒక్కొక్క డిస్కులో మూడు నాలుగు ఎపిసోడ్లు పట్టడంతో సీజన్ మొత్తం ఒక అట్టపెట్టెలో ఇమిడి పుస్తకాల అరలోకి చేరింది. మొదటి ఎపిసోడ్‌లో ఒక మనిషి అన్న మాటకు పదో ఎపిసోడ్‌లో అర్థం తెలిస్తే, వెనక్కి వెళ్ళి ఆ మాటను మళ్ళీ వినే వీలు ప్రేక్షకుడికి చిక్కింది.

ఇక అసలు విషయం. నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన సీరియల్ హోమిసైడ్: లైఫ్ ఆన్ ద స్ట్రీట్. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో హత్య కేసులు దర్యాప్తు చేసే డిటెక్టివ్‌ల కథ ఇది, 1993 నుంచి 1999 వరకు ఎన్‌బీసీ అనే అమెరికన్ ఛానెల్‌లో ఏడు సీజన్లు నడిచింది. బాల్టిమోర్ సన్ పత్రికలో క్రైమ్ రిపోర్టరుగా పనిచేసిన డేవిడ్ సైమన్ 1988లో ఏడాదిపాటు ఆ నగర హోమిసైడ్ విభాగంతో కలిసి తిరిగి రాసిన పుస్తకం దీనికి ఆధారం. చిత్రీకరణ కూడా ఆ నగరంలోనే జరిగింది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ఆ డిస్కులు తెచ్చి ఇచ్చినప్పుడు, అవి ఒకటో రీజియన్‌వి (ఏ ప్రాంతానికి చేసిన డిస్కు ఆ ప్రాంతపు ప్లేయర్లలోనే ఆడుతుంది), మన దేశానిది అయిదో రీజియన్ కాబట్టి, అన్ని రీజియన్ల డిస్కులూ ఆడే ప్లేయరు వెతుక్కోవలసి వచ్చింది. ఆ కష్టానికి ఫలితం దక్కింది. ఓటీటీలు వచ్చిన తరువాత కూడా, అందులో వాడిన పాటల హక్కుల చిక్కు వల్ల ఈ సీరియల్ 2024 వరకు అమెరికాలో సైతం వాటిలో దొరకలేదు. అన్నాళ్ళూ దాన్ని చూడగలిగినవాళ్ళు ప్రధానంగా డిస్కులు దాచుకున్నవాళ్ళే.

తొలి సీజన్‌లో అయిదోదిగా ప్రసారమైన త్రీ మెన్ అండ్ అడీనా అన్న ఎపిసోడ్ గురించి నీకు వివరంగా చెప్పాలని ఉంది. అడీనా వాట్సన్ అనే పదకొండేళ్ళ పాప హత్యకు గురైంది. హోమిసైడ్ విభాగానికి కొత్తగా వచ్చిన టిమ్ బేలిస్‌కు సొంతంగా అప్పగించిన మొదటి కేసు అది. గుర్రపు బండి మీద పండ్లూ కూరగాయలూ అమ్ముకునే ఒక ముసలాయన మీద అతనికి గట్టి అనుమానం. బేలిస్‌కు తోడుగా కూర్చున్న డిటెక్టివ్ ఫ్రాంక్ పెంబుల్టన్ నిందితుల చేత నిజం చెప్పించడంలో దిట్ట. వాళ్ళ చేతిలో ఉన్న గడువు పన్నెండు గంటలు. ఎపిసోడ్ దాదాపు మొత్తం ఒకే గదిలో, ఒక బల్ల చుట్టూ, ముగ్గురు మనుషుల మధ్య జరుగుతుంది. వెంబడింపులు లేవు, తుపాకులు లేవు, జరిగిన ఘోరాన్ని కళ్ళకు కట్టే వెనుకటి దృశ్యాలు లేవు. గడువు ముగుస్తుంది, ముసలాయన నేరం ఒప్పుకోడు, అతన్ని వదిలిపెడతారు. ఆ పాపను ఎవరు చంపారో ఏడు సీజన్లలోనూ తేలదు. సైమన్ పుస్తకంలో ఉన్న అసలు కేసూ తేలలేదు. ఆ ఎపిసోడ్ రాసినందుకు టామ్ ఫొంటానాకు 1993లో రచనా విభాగంలో అమెరికన్ టీవీ రంగపు ఎమ్మీ పురస్కారం వచ్చింది.

నీ ప్రశ్నను ఈ ఎపిసోడ్ ముందు పెట్టి చూడు. ఇందులో హంతకుడు మొదటిసారి చూసినప్పుడూ తెలియడు, పదోసారి చూసినప్పుడూ తెలియడు, అయినా మళ్ళీ చూడబుద్ధి అవుతుంది. గదిలోకి వెళ్ళేటప్పుడు ముసలాయనే దోషి అని బేలిస్‌కు ఏ సందేహమూ లేదు, పెంబుల్టన్‌కు అంత నమ్మకం లేదు. బయటికి వచ్చేసరికి నమ్మకం పెంబుల్టన్‌కు కుదిరింది, సందేహం బేలిస్‌ను పట్టుకుంది. ఈ మార్పిడి ఎక్కడ జరిగిందో మొదటిసారి చూసినప్పుడు పట్టుకోలేము, ఎందుకంటే అప్పుడు మన దృష్టి అంతా ముసలాయన ఒప్పుకుంటాడా లేదా అన్నదాని మీదే ఉంటుంది. ఒప్పుకోడని తెలిసి చూసినప్పుడు మాత్రమే, ప్రశ్నలు అడిగేవాళ్ళ ముఖాలు చూడడం మొదలుపెడతాము. ముసలాయన వాళ్ళిద్దరి లోపలి పుండ్లను ఒక్కొక్కటిగా ఎలా కనిపెట్టాడో, నోరు విప్పించడానికి వచ్చినవాళ్ళే ఎలా బయటపడిపోయారో అప్పుడు అర్థమవుతుంది. రచయిత దాచవలసింది హంతకుడి పేరు ఒక్కటే కాదమ్మా. పేరు తెలిశాక కూడా దొరకకుండా లోతున ఉండేది మరొకటి ఉండాలి, అది మనుషుల మధ్య జరిగేదై ఉండాలి.

ఆ సీరియల్‌లో ఆఫీసు గోడకు ఒక తెల్ల బోర్డు ఉంటుంది. ఒక్కొక్క డిటెక్టివ్ పేరు కింద అతని కేసుల్లో చనిపోయినవాళ్ళ పేర్లు రాస్తారు. తేలని కేసు ఎరుపు, తేలిన కేసు నలుపు. ఎవరూ దాని గురించి ఉపన్యాసం ఇవ్వరు. ఎవరో ఫోను మాట్లాడుతుంటే వెనక కనిపిస్తుంది, అంతే. మళ్ళీ చూసేవాడు మాత్రం ఎరుపులో ఉన్న అడీనా పేరు కోసం వెతుకుతాడు. కథంతటినీ మోసే వస్తువును ఇలా నోరెత్తకుండా ఒక మూల ఉంచడం నేర్చుకోవలసిన విద్య.

డిస్కు వల్ల రచయితకు కలిగే మరో మేలు, కూర్పు కంటికి కనిపించడం. ప్రకటనలతో నడిచే అమెరికన్ ఛానెల్‌లో గంట సమయం ఇస్తే కథకు మిగిలేది ముప్పావు గంట చిల్లర. ఆ కథను ప్రకటనల విరామాలకు తగినట్టు అంకాలుగా విడగొట్టి, ప్రతి అంకం చివర ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టే మలుపు ఒకటి పెట్టాలి. డిస్కులో ప్రకటనలు ఉండవు, తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలుగుతుంది. ఆ నల్లని క్షణం దగ్గర ఆపి, అంతకుముందు వచ్చిన చివరి మాట ఏమిటో నోటు పుస్తకంలో రాసుకో. ఈ ఎపిసోడ్‌ను ఒకసారి కలం ముట్టకుండా చూడు. రెండోసారి ప్రతి విరామం దగ్గరా ఎవరికి ఏమి తెలుసు, ఎవరు ఏమి నమ్ముతున్నారు అన్నది రాసుకుంటూ చూడు. ఆ తరువాత ధ్వని పూర్తిగా తగ్గించి, ఎవరు నిలబడ్డారు, ఎవరు కూర్చున్నారు, బల్లకు ఎవరు ఎంత దగ్గరగా జరిగారు అన్నది మాత్రమే గమనించు. ఈ పని విసుగు పుట్టిస్తుంది, అయినా చెయ్యి. పత్రికలో వారం వారం సీరియల్ రాయవలసిన రోజు వస్తే, వారం చివరి వాక్యం ఎక్కడ ఆపాలో ఈ అభ్యాసమే చెబుతుంది.

ప్రసారంలో జరిగిన అన్యాయాలను కూడా డిస్కు కొంత సరిచేస్తుంది. ఆ తొలి సీజన్‌లోనే, ఉక్కపోతగా ఉన్న ఒక రాత్రి డ్యూటీలో ఒక్క ఫోను కూడా మోగని డిటెక్టివ్‌ల మీద నడిచే ఎపిసోడ్ ఒకటి ఉంది. రచయితలు దాన్ని మూడోదిగా అనుకుని రాస్తే, ఛానెల్ దాన్ని సీజన్ చివరకు తోసేసింది. నా దృష్టిలో ఆ సీజన్‌లోని మంచి రచనల్లో అదొకటి. ఇంట్లో డిస్కు ఉంటే దాన్ని మూడోదిగానే చూడవచ్చు.

కొలంబో అన్న సీరియల్ గురించి రెండు మాటలు చాలు. 1971లో ఎన్‌బీసీలో క్రమంగా రావడం మొదలైన ఆ సీరియల్, హంతకుణ్ణీ హత్యనూ సాధారణంగా మొదట్లోనే చూపించేస్తుంది. మిగిలిందంతా నలిగిన కోటు వేసుకున్న డిటెక్టివ్ కొలంబో అతన్ని ఎలా పట్టుకుంటాడన్నదే. రహస్యం లేకుండా ఉత్కంఠ నిలబడుతుందా అన్న నీ అనుమానానికి జవాబు కావాలంటే అందులో ఏదో ఒక ఎపిసోడ్ చూడు. డేవిడ్ సైమన్ తరువాత హెచ్‌బీఓ ఛానెల్ కోసం సృష్టించిన ద వైర్ ఇంకో దారి. 2002 నుంచి 2008 వరకు 60 ఎపిసోడ్లు వచ్చిన ఆ సీరియల్‌ను ప్రసార సమయంలో చూసినవాళ్ళు తక్కువే, డీవీడీలు చేతులు మారుతూ దానికి పేరు తెచ్చాయి. మాదకద్రవ్యాల వీధి, రేవు, రాజకీయం, బడి, పత్రిక ఇలా సీజన్‌కొక రంగాన్ని చేరుస్తూ పోయే ఆ కథను వారానికొక గంట చొప్పున గుర్తుపెట్టుకోవడం కష్టం, వరుసగా చూస్తే మాత్రం నగరం మొత్తం కళ్ళ ముందు నిలుస్తుంది. ఆ ఛానెల్‌లో ప్రకటనలు లేవు కాబట్టి అందులో నల్లని విరామాలు కూడా లేవు. రెండింటి నడకలో తేడాను పక్కపక్కన పెట్టి చూడు.

ఇప్పుడు నీ కథ. మిర్చి యార్డులో కమీషన్ దుకాణం గుమాస్తా ఒకడు కోల్డ్ స్టోరేజిలో శవమై కనిపించడం మంచి ఎత్తుగడ. టిక్కీల (మిర్చి బస్తాల) వరుసల మధ్య నడిచే హమాలీల దగ్గు, తాలు కాయలు వేరు చేసే ఆడవాళ్ళ మాటలు నువ్వు చెవితో విని రాశావని తెలుస్తూనే ఉంది, వాటిలో ఒక్క అక్షరం మార్చవద్దు. చిక్కు ఆఖరి పేజీల్లో ఉంది. ఎస్సై రెండు దెబ్బలు వేయగానే హంతకుడు అంతా చెప్పేస్తాడు, కథ అయిపోతుంది. ఇది మన చట్టానికి నిలవదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో ముద్దాయి మీద సాక్ష్యంగా పనికిరాదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ కూడా అదే చెబుతోంది. కస్టడీలో ఉన్న ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ మాటల్లో దానికి సూటిగా సంబంధించినంత మేరకే రుజువు చేయనిస్తారు. అందుకే పోలీసులు మధ్యవర్తులను వెంటబెట్టుకుని వెళ్ళి, వాళ్ళ ఎదుట వస్తువును స్వాధీనం చేసుకుని, అక్కడే కాగితం రాసి సంతకాలు చేయిస్తారు. పైగా అరెస్టు చేసినవాణ్ణి, ప్రయాణానికి పట్టే వ్యవధి కాక, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. బాల్టిమోర్ డిటెక్టివ్ ఒప్పుకోలు కోసం అంత పట్టుబట్టడానికి అక్కడి చట్టంలో దానికున్న విలువ కారణం. ఆ గదిని యథాతథంగా తెచ్చి గుంటూరులో పెడితే అది గుంటూరు కాకుండా పోతుంది.

నిరుత్సాహపడకు, ఇందులో నీకు మరింత మంచి కథ ఉంది. గుమాస్తా రాసుకున్న కాటా చీటీల పుస్తకం ఎక్కడ ఉందో హంతకుడు చెప్పాడనుకో. దాన్ని వెలికితీసేటప్పుడు మధ్యవర్తిగా సంతకం పెట్టవలసినవాడు అదే యార్డులో రేపు మళ్ళీ ఆ దుకాణం షావుకారు దగ్గరే పని చూసుకోవలసినవాడు. అతను సంతకం పెడతాడా, పెట్టినా రెండేళ్ళ తరువాత కోర్టులో అదే మాట మీద నిలబడతాడా? హంతకుడి పేరును మూడో పేజీలో చెప్పేసినా ఈ ప్రశ్న పాఠకుణ్ణి చివరిదాకా పట్టి కూర్చోబెడుతుంది. చనిపోయినవాడి భార్య, చీటీల్లో తన భర్త చేతిరాతను గుర్తుపట్టే సన్నివేశం నువ్వు ఇప్పటికే రాశావు. దాన్ని కథ మధ్యలోంచి తీసి ఈ చోటికి తీసుకురా.

యార్డుకు సరుకు బాగా వచ్చే రోజుల్లో ఒక ఉదయం కాటా దగ్గర నిలబడి, తూకం ఎవరు చూస్తారు, చీటీ ఎవరు రాస్తారు, రైతు చేతికి ఏ కాగితం వెళుతుంది అన్నది దగ్గరుండి చూసిన తరువాతే ఆఖరి పది పేజీలు మళ్ళీ రాయి. కేసు కాగితాలు ఎలా ఉంటాయో తెలియడానికి మీ ఊరి కోర్టులో పనిచేసే న్యాయవాదిని ఎవరినైనా అడిగి, విచారణ ముగిసిన హత్య కేసు తీర్పు ఒకటి తెప్పించుకుని చదువు. హోమిసైడ్ డిస్కులు మా మేనకోడలు వచ్చే వారం బ్రాడీపేట వచ్చినప్పుడు నీకు అందజేస్తుంది. నీ ప్లేయరు అన్ని రీజియన్లవీ ఆడకపోతే ముందే కబురు చెయ్యి, నాది కూడా పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు