జింకుతో రెండు బస్తాలు పెరిగినట్టేనా?

సందేహం: ఎకరం వరి మడిలో సగానికి ఆఖరి దమ్ములో జింకు సల్ఫేట్ వేశాను, సగానికి వేయలేదు. ఒక్కో సగంలో ఆరు చోట్ల 5×5 మీటర్లు కోసి తూచాను. వేసినవైపు 14.2, 15.1, 13.6, 15.4, 14.8, 13.9 కిలోలు, వేయనివైపు 13.4, 14.6, 12.7, 14.3, 13.1, 13.5. ఎకరాకు దాదాపు రెండు బస్తాల తేడా. ఇది జింకు వల్లేనా?
– కృష్ణా జిల్లా రైతు

జవాబు: ప్రతి తూకం విడిగా రాసిపెట్టడం చాలా మంచి పని. సరాసరులు 14.5, 13.6. తేడా 0.9 కిలో, అంటే ఎకరాకు 146 కిలోలు. అయితే జింకు వేయని సగంలోనే ఒకచోట 12.7, ఇంకోచోట 14.6 వచ్చింది చూడండి. మడిలో సహజంగా ఉండే ఈ హెచ్చుతగ్గులతో పోల్చి తేడాను తూచేదే టీ పరీక్ష.

ప్రతి తూకం నుంచి దాని వైపు సరాసరి తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేసి కూడండి. వేసినవైపు 2.52, వేయనివైపు 2.60. మొత్తం 5.12ను 10తో (12 తూకాలలోంచి 2 తీసేయగా) భాగిస్తే 0.512. దీన్ని 2తో గుణించి 6తో భాగించి వర్గమూలం తీస్తే 0.413. తేడా 0.9ని దీనితో భాగిస్తే 2.18. టీ పరీక్ష పట్టికలో 10 ఎదురుగా 5 శాతం దగ్గర ఉండేది 2.228. మీది దాన్ని దాటలేదు, అంటే ఈ తేడా మడి హెచ్చుతగ్గుల వల్లే వచ్చి ఉండొచ్చు. అంతమాత్రాన జింకు పనిచేయలేదని కాదు. ఇదే లెక్క ప్రకారం అసలు తేడా దాదాపు సున్నా నుంచి ఎకరాకు 295 కిలోల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఆరేసి తూకాలతో అంతకన్నా కచ్చితంగా తేలదు.

లెక్క కంటే పెద్ద చిక్కు మడిలో ఉంది. జింకంతా ఒకే సగంలో పడింది. ఆ సగం మడవకు (నీరు పారే దారికి) దగ్గరగానో, కాస్త పల్లంగానో ఉంటే ఆ తేడా కూడా జింకు ఖాతాలోకే వెళుతుంది. ఎన్ని చోట్ల కోసినా ఈ లోపం పోదు. తేమా చూడాలి. జింకు లోపించిన పైరు ఆలస్యంగా పండుతుంది, గింజలో తేమ ఎక్కువగా ఉండొచ్చు. తేమలో 4 శాతం తేడా ఉంటే 14 కిలోల దగ్గర 0.65 కిలో అటూ ఇటూ అవుతుంది. అందుకే తూకాన్ని (100 – తేమ శాతం)తో గుణించి 86తో భాగించి, అన్నిటినీ 14 శాతం తేమకు తేవాలి.

ఈసారి వేరే మడి తీసుకోండి, ఎందుకంటే వేసిన జింకు తర్వాతి పంటల్లోనూ పనిచేస్తుంది. ఎకరాన్ని 8 సెంట్ల చొప్పున 12 ముక్కలు చేసి, మధ్య గట్లు వేసి, పక్కపక్కవాటిని జతలు చేయండి. ప్రతి జతలో ఏ ముక్కకు వేయాలో బొమ్మా బొరుసు వేసి తేల్చండి. సెంటుకు 200 గ్రాముల జింకు సల్ఫేట్, అంటే ముక్కకు 1.6 కిలోలు. భాస్వరం ఎరువుతో కలపకండి, మూడు రోజుల ఎడం ఉండాలి. కోత తర్వాత జతవారీగా ఆరు తేడాలు తీసి, వాటి మీదే పరీక్ష చేస్తే మడి ఎగుడుదిగుడుల ప్రభావం చాలావరకు పోతుంది. అప్పుడు పట్టికలో 5 ఎదురుగా ఉన్న 2.571ని దాటాలి. ఎక్సెల్‌లో టీ.టెస్ట్ ఫార్ములా చివర 2, 1 ఇస్తే జతల లెక్క, 2, 2 ఇస్తే పై లెక్క చేస్తుంది. అది నేరుగా శాతాన్ని భిన్నంగా ఇస్తుంది కాబట్టి, 0.05 కంటే తక్కువ వస్తే పట్టిక అంకెను దాటినట్టే.

మిగతా పొలానికి ముందు మట్టి పరీక్ష చేయించండి. జింకు 0.6 పీపీఎం (పది లక్షల పాళ్లలో 0.6 పాలు) కంటే తక్కువ ఉన్నా, నాటిన 2–4 వారాల్లో ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చినా ప్రయోగం తేలేదాకా ఆగొద్దు. ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేట్ దమ్ములో వేయండి. నాటు అయిపోయి ఉంటే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి, 5 రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి.