రెండోసారి వచ్చిన బేరం

చి. అమ్మడికి ఆశీస్సులు.

బెంగళూరు మారతహళ్ళిలో పొడులు, పచ్చళ్ళ కొట్టు తెరిచి మూణ్ణెల్లు కావస్తోంది, ఇక కొత్త రకాలేం పెట్టాలి, ప్రకటనలకెంత పెట్టాలి అని అడిగావు. ముందు గల్లాపెట్టె పక్కన ఒక నోటుబుక్కు పెట్టు. ప్రతి బేరానికీ ఒక వరుస రాయి: పేరు, ఇష్టపడి ఇస్తే ఫోన్ నంబరు, ఏం కొన్నారు, తేదీ.

ఇద్దరున్న ఇంట్లో పావుకిలో కందిపొడి దాదాపు నెలలో అయిపోతుంది. కాబట్టి కొన్నవాళ్ళలో ఎంతమంది 45 రోజుల్లోపు మళ్ళీ వచ్చారో లెక్కపెట్టు. 100 మందిలో 30 మంది కూడా రాకపోతే ప్రకటనకి రూపాయి పెట్టొద్దు. రానివాళ్ళలో పదిమందికి ఫోన్ చెయ్యి. "బాగుందా?" అంటే మొహమాటానికి బాగుందనే అంటారు. "అయిపోయిందా, ఇంకా ఉందా?" అని అడుగు. మిగిలిపోతే ఎందుకో వాళ్ళే చెబుతారు. కారం ఎక్కువైందని ఒకరు, గడ్డకట్టిందని ఇంకొకరు, పీజీ హాస్టల్లో ఒక్కడికి పావుకిలో ఎక్కువైందని మరొకరు.

కొత్త సరుకు అక్కణ్ణుంచే పుడుతుంది. ఆ పీజీ కుర్రాడికి 50 గ్రాముల ప్యాకెట్టే కొత్త సరుకు. బెంగళూరులోనే 2005లో మొదలైన ఐడీ ఫ్రెష్ కంపెనీ అమ్మింది ప్రతి ఇంట్లో రుబ్బుకునే దోశ పిండినే. తర్వాత, గారెకి చిల్లు పెట్టడం చేతకాని వాళ్ళ కోసం, ప్యాకెట్ మూతిలోంచే చిల్లుగారె పడేలా చేశారు. వంటింట్లో చేతికొచ్చే ఇబ్బంది ఎక్కడుందో చూశారన్నమాట.

కొత్త రకం ఏదైనా మొదట 5 కిలోలే చెయ్యి, 100 గ్రాముల ప్యాకెట్లు 50. ఉచితంగా పంచొద్దు, పూర్తి ధరకే అమ్ము. ఊరికే వచ్చినదానికి ఎవరూ వంక పెట్టరు. నెలలో 15 మంది మళ్ళీ అడిగితే ఉంచు, లేకపోతే ఆపెయ్.

ఇక ఫిర్యాదులు. నీ కొట్టు నిలిచేదీ పోయేదీ ఇక్కడే. పొడి మిక్సీలో కూడా వేడెక్కుతుంది. ఆ వేడితోనే ప్యాక్ చేస్తే లోపలి ఆవిరి నీరై గడ్డ కడుతుంది, తర్వాత బూజు పడుతుంది. పళ్ళెంలో పల్చగా పరిచి, చెయ్యి పెడితే వెచ్చదనం తెలియనంత వరకు ఆగు. ఆవకాయ సీసా అంచుకి నూనె చుక్క అంటినా సీలు సరిగ్గా పట్టదు, కొరియర్‌లో సీసా పక్కకి ఒరగగానే కారుతుంది. పొడిగుడ్డతో అంచు తుడిచాకే సీలు వెయ్యి. తర్వాత రాత్రంతా కాగితం మీద బోర్లించి ఉంచు, మరక పడినదాన్ని పంపొద్దు.

ఎవరైనా బాగాలేదంటే వాదించకు. బ్యాచ్ నంబరు ఫొటో అడిగి, అదే రోజు మారుసరుకు పంపు. ప్రతి బ్యాచ్‌లో ఒక ప్యాకెట్ గడువు తేదీ దాకా నీ దగ్గర దాచాలి. ఫిర్యాదు రాగానే దాన్ని విప్పి చూడు. అదీ చెడితే ఆ బ్యాచ్ కొన్నవాళ్ళందరికీ నువ్వే ముందు ఫోన్ చెయ్యి. చాలామంది ఇక్కడే వెనకాడతారు, నువ్వు వెనకాడకు తల్లీ. నోటుబుక్కు ఉంటేనే ఎవరికి చెయ్యాలో తెలుస్తుంది.

తగ్గింపుల జోలికి తొందరపడి పోకు. 100 రూపాయల ప్యాకెట్ మీద 30 మిగులుతుంటే, 10 తగ్గించగానే 20 మిగులుతుంది. 10 ప్యాకెట్ల లాభం కోసం 15 అమ్మాలి. పైగా తగ్గింపు మరిగినవాళ్ళు మళ్ళీ తగ్గించేదాకా కొనరు.

ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒక్కోదానిలో 256 మందే పడతారు, అదీ నీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. కౌంటర్ దగ్గరే అడిగి సేవ్ చేయించు. నెలకి రెండు సందేశాలు చాలు. రోజూ శుభోదయాలు పంపితే మ్యూట్‌లో పెడతారు.

బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలని కర్ణాటక చట్టం, అది తప్పదు. లేబుల్ మీద కూడా "తొగరిబేళె చట్నిపుడి" అని కన్నడలో వేయించు. కందిపొడి అంటే ఏమిటో తెలియక చేతిలోకి తీసుకుని మళ్ళీ పెట్టేసేవాళ్ళు కొంటారు.

నోటుబుక్కు ఈరోజే మొదలుపెట్టు, 45 రోజులు నిండగానే ఆ పది ఫోన్లూ చెయ్యి. వాళ్ళు ఏమన్నారో వాళ్ళ మాటల్లోనే రాసి నాకు పంపు, ఏది ముందు సరిచేయాలో కలిసి చూద్దాం.

మీ మేనత్త