హెల్మెట్ అద్దానికి పట్టేది పొగమంచా, ఆవిరా?

సందేహం: మాది దేవరకొండ, హెల్మెట్లు అమ్ముతాం. వానాకాలం హెల్మెట్ అద్దానికి పూసే ద్రవం సీసా మీద 'పొగమంచు నిరోధకం' అని ఉంది. మా దగ్గర అందరూ 'అద్దానికి ఆవిరి పట్టింది' అంటారు. బోర్డు మీద ఏమని రాయించాలి? అసలు ప్లాస్టిక్‌దాన్ని అద్దం అనవచ్చా?

సమాధానం: నిరభ్యంతరంగా అనవచ్చు. గాజు అనేది పదార్థం పేరు. అద్దం అనేది అది చేసే పనిని బట్టి వచ్చిన పేరు. ఇప్పటి కళ్లద్దాలు చాలావరకు ప్లాస్టిక్‌వే, అయినా కళ్లద్దాలే. 'హెల్మెట్ గాజు' అనకుంటే చాలు.

సీసా మీది మాట మాత్రం కుదరదు. పొగమంచు గాలిలో తేలుతుంది. చలికాలం పొద్దున్నే మన్ననూరు దాటి నల్లమలలోకి పోతుంటే రోడ్డు మీద కమ్ముకునేది అదీ.

'ఆవిరి పట్టింది' చక్కటి నుడి. తుప్పు, బూజు, పాచి పట్టినట్టే ఇదీ. జలుబు చేసినవాళ్లు పట్టేదీ ఆవిరే కదా అంటారేమో! 'ముఖానికి ఆవిరి పట్టాడు' అన్నప్పుడు ఆవిరి కర్మ. 'అద్దానికి ఆవిరి పట్టింది' అన్నప్పుడు అదే కర్త. తికమకేమీ లేదు.

అయినా బోర్డుకు నా ఓటు 'మసకబారకుండా' అన్నదానికే. మన ఊపిరిలోని ఆవిరి చల్లటి అద్దానికి తగిలి సన్నసన్నని నీటి బొట్లవుతుంది. అవి వెలుగును తలో దిక్కుకు చెదరగొడతాయి, అందుకే అద్దం తెల్లగా కనిపిస్తుంది. ఇలాంటి సీసాల్లో ఎక్కువగా ఉండేది సబ్బు జాతి పదార్థం. అది నీటి తలతన్యతను (నీటిని బొట్టుగా ముడుచుకునేలా చేసే గుణాన్ని) తగ్గిస్తుంది కాబట్టి నీళ్లు బొట్లు కట్టక పల్చటి పొరలా పరుచుకుంటాయి. అంటే ద్రవం పూసినా ఆవిరి పడుతూనే ఉంటుంది, చూపు మాత్రం ఆగదు. 'ఆవిరి పట్టకుండా' అని రాస్తే సీసా చేయని పనిని చేస్తుందని చెప్పినట్టే. (1966లో జెమిని-9 వ్యోమగామి యూజీన్ సెర్నన్ అంతరిక్ష నడకను మధ్యలో ఆపేసి లోపలికి రావలసి వచ్చింది హెల్మెట్ అద్దం ఇలా మసకబారడం వల్లే.)

నల్లబారు, ఎర్రబారు లాగే 'మసకబారు' కూడా కలిపి రాయాల్సిన మాట. పెయింటర్ విడగొట్టకుండా చూసుకోండి. 'హెల్మెట్ అద్దాలు మసకబారకుండా పూసే ద్రవం ఇక్కడ దొరుకును' అంటే సరిపోతుంది. 'మందు దొరుకును' అని మాత్రం రాయించకండి, సాయంత్రానికి వేరే గిరాకీ వస్తుంది.