డాక్టర్ సలహా: రాత్రిపూట చికెన్ తింటే కొలెస్ట్రాల్ పెరుగుతుందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు, మా వారికి 42. ఇద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఇంటికి చేరేసరికి రాత్రి ఏడున్నర, ఒక్కోసారి ఎనిమిది. పిల్లలకు తొమ్మిదేళ్లు, ఆరేళ్లు. చికెన్ ఉంటే తప్ప సరిగ్గా తినరు. వండే ఓపిక లేక వారంలో మూడు రాత్రులు బిర్యానీయో, ఫ్రైడ్ చికెనో ఆర్డర్ పెట్టేస్తున్నాం. అది వచ్చి, తినేసరికి పదవుతోంది. ఈమధ్య మా వారి రక్తపరీక్షలో ట్రైగ్లిజరైడ్స్ 240, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 138 వచ్చాయి. నాన్‌వెజ్ మానేయమన్నారట. నాకు హిమోగ్లోబిన్ 10.6. రాత్రిపూట చికెన్ వేడి చేస్తుందని, అరగదని మా అత్తగారు అంటారు. ఇంట్లోనే తేలిగ్గా వండుకుంటే వారానికి మూడు రోజులు తినొచ్చా? ఆదివారం వండిన కూర ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తినొచ్చమ్మా. తోలు తీయించి, నూనె కొలిచి పోసి, ఇంట్లో వండుకుంటే వారానికి మూడు రాత్రులు చికెన్ తినడం వల్ల మీ వారికి వచ్చే నష్టమేమీ లేదు. ఆయన రిపోర్టులో ముందుగా పట్టించుకోవాల్సింది ట్రైగ్లిజరైడ్స్. అవి 150 లోపు ఉండాలి. మనం అవసరానికి మించి తిన్న అన్నాన్ని, చక్కెరను, తాగిన మద్యాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదిలితే ఆ అంకె పెరుగుతుంది. ఓ బిర్యానీ ప్యాకెట్ విప్పి చూడండి. ముక్కలు మూడో నాలుగో ఉంటాయి. మిగతాదంతా అన్నం, దానికి అంటుకున్న నూనె, నెయ్యి. పక్కన పిల్లల కోసమని తెప్పించిన కూల్‌డ్రింక్, అందులో సగం పెద్దవాళ్లే తాగుతారు. ఇన్నిటి మధ్య నింద మాత్రం కోడి మీద పడుతోంది. మీ వారికి వారాంతంలో మందు అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే మాత్రం మొదట ఆపాల్సింది అదే.

ఎల్‌డీఎల్ కథ కొంచెం వేరు. దాన్ని పెంచేది ముఖ్యంగా సంతృప్త కొవ్వు. వనస్పతి, పామాయిల్, నెయ్యి, చికెన్ తోలు, తోలు కింద పసుపుపచ్చగా కనిపించే కొవ్వు ఈ లెక్కలోకి వస్తాయి. ఫ్రైడ్ చికెన్‌ను తోలుతోనే వేయిస్తారు. పైన ఉన్న మైదా పూత నూనెను బాగా పీల్చుకుంటుంది. ఆ నూనె ఎన్నోసారి కాగిందో మనకు తెలియదు. అదే కోడిని తోలు తీసి వండితే 100 గ్రాముల పచ్చి మాంసంలో ఇరవై గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది, కొవ్వు చాలా తక్కువ. షాపులో ‘స్కిన్‌లెస్’ అని ఒక్క మాట చెబితే సగం పని అక్కడే అయిపోతుంది.

మీ అత్తగారి మాటను నేను కొట్టిపారేయను. నూనె, కారం దట్టించిన కూర రాత్రి పదిన్నరకు తిని పదకొండింటికి పడుకుంటే ఛాతీలో మంట రావడం, పొద్దున నోరు చేదుగా ఉండటం మామూలే. కొవ్వు ఎక్కువైతే కడుపు ఖాళీ అవడం ఆలస్యమవుతుంది. ఆవిడ ‘అరగదు’ అంటున్నది దాన్నే. ఎనిమిదిన్నరకల్లా తినేసి, పడుకోవడానికి కనీసం రెండు గంటలు గ్యాప్ ఇస్తే చికెన్ కూడా పప్పులాగే అరుగుతుంది.

ఎనిమిదింటికి ఇల్లు చేరి ఎనిమిదిన్నరకు తినడం ఎలా అంటారా? వంట రాత్రి మొదలుపెడితే కుదరదు. ఆదివారం పొద్దున కిలో స్కిన్‌లెస్ తెచ్చి, చిన్న ముక్కలు కొట్టించండి. అరకప్పు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, కారం, తగినంత ఉప్పు, ఒక నిమ్మకాయ రసం పట్టించి రెండు డబ్బాల్లో సర్దండి. ఒకటి ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలో, మూత బిగించి పెట్టాలి. పైన పెడితే ఆ నీళ్లు కారి కొత్తిమీర మీదో, పెరుగు గిన్నె మీదో పడతాయి. ఆ డబ్బా సోమవారం రాత్రికి వండేయాలి. పచ్చి చికెన్‌కు ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులే గడువు. రెండోది ఫ్రీజర్‌లో. వెడల్పు డబ్బాలో పలచగా పరిస్తే త్వరగా కరుగుతుంది. బుధవారం రాత్రి దాన్ని కింది అరలోకి దించితే గురువారం సాయంత్రానికి వంటకు సిద్ధం. పొద్దున ప్లాట్‌ఫామ్ మీద పెట్టి ఆఫీసుకు వెళ్లిపోవడం మాత్రం వద్దు. లోపల గడ్డగా ఉండగానే పైభాగంలో బ్యాక్టీరియా పెరిగిపోతుంది.

ఇక వంట. కుక్కర్‌లో రెండు టేబుల్ స్పూన్ల నూనె వేయండి. నలుగురికి అంతే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు వేగాక చికెన్ వేసి, నీరు ఊరి దగ్గర పడేదాకా పెద్ద మంట మీద కలపండి. రెండు టమాటాలు, రెండు గుప్పెళ్ల పాలకూరో, సొరకాయ ముక్కలో వేసి, పావు గ్లాసు నీళ్లు పోసి మూత పెట్టండి. బ్రాయిలర్ అయితే రెండు విజిల్స్ చాలు. ఆవిరి పోయాక ధనియాల పొడి, మిరియాల పొడి, కొత్తిమీర. పక్క స్టవ్ మీద అన్నం అయ్యేలోపు ఇదీ అయిపోతుంది. పిల్లలు పాలకూరను ఏరి పక్కన పెడితే, మరోసారి మిక్సీ పట్టి వేయండి. చాలామంది తల్లులు చేసే పనే అది.

పిల్లలకు కావాల్సింది కరకరలాడే ముక్క అయితే దానికీ దారి ఉంది. నానబెట్టిన బోన్‌లెస్ ముక్కలకు రెండు చెంచాల శనగపిండి, ఒక చెంచా బియ్యప్పిండి పట్టించి, పెనం మీద చెంచా నూనె వేసి, మూత పెట్టి రెండు వైపులా కాల్చండి. ఆఖరి రెండు నిమిషాలు మూత తీసేయండి. బయట తెచ్చిన రుచి అచ్చంగా రాదు, నిజమే. నిమ్మకాయ పిండి, ఉల్లి చక్రాలతో వేడివేడిగా పెడితే ఎవరూ వద్దనరు. ఇంకా ఓపిక లేని రోజున ఎముక ముక్కలు నాలుగు, గుప్పెడు పెసరపప్పు, క్యారెట్, మిరియాలు, జీలకర్ర కలిపి కుక్కర్ ఎక్కించేయండి. జలుబు చేసిన పిల్లలకు కూడా అన్నంలో కలిపి పెట్టొచ్చు.

ఎముకలతో కలిపి అర కిలో చికెన్ నలుగురు పంచుకుంటే మనిషికి సగటున 15 నుంచి 17 గ్రాముల ప్రోటీన్ అందుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు ప్రతి కిలో బరువుకు 0.83 గ్రాములు కావాలి. అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాములు. ఆరేళ్ల పాపకో బాబుకో రోజంతటికీ 16 గ్రాములే చాలు. కాబట్టి పిల్లలకు రెండు మూడు ముక్కలు సరిపోతాయి. ఇంకా తినమని బతిమాలక్కర్లేదు. మీ వారి కంచంలో కొలవాల్సింది అన్నం. కూర బాగా కుదిరిన రోజున రెండోసారి, మూడోసారి అన్నం పెట్టించుకోవడం మనకు అలవాటు. ఒక కప్పు అన్నమో, ఒక జొన్నరొట్టెనో ముందే పెట్టేసి గిన్నె లోపలికి పంపేయండి. కంచంలో సగం కీరా, కూరలు ఉండేలా చూడండి. చికెన్ ఇంకో రెండు ముక్కలు అడిగితే వేయండి, నాకేం అభ్యంతరం లేదు.

వండిన కూర విషయం. ఆదివారం మధ్యాహ్నం వండిన గిన్నె స్టవ్ మీదే ఉండిపోయి, రాత్రి వెచ్చబెట్టి, మళ్లీ పొద్దున వెచ్చబెట్టి తినడం మన ఇళ్లలో మామూలు. ప్రమాదం అక్కడే ఉంది. బయట ఉన్న కూరలో కొన్ని రకాల బ్యాక్టీరియా విషపదార్థాలను విడుదల చేస్తుంది. తర్వాత ఎంత మరిగించినా అవి పోవు. వండిన రెండు గంటల్లోపు, ఎండాకాలంలో అయితే గంటలోపు చిన్న గిన్నెల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టేయండి. అలా పెట్టిన కూర మూడు రోజులు నిశ్చింతగా తినొచ్చు. ఆదివారం కూర బుధవారం వరకు. ఏ పూటకు కావాల్సింది ఆ పూటకే తీసి, బుడగలు వచ్చేదాకా మరిగించాలి. మైక్రోవేవ్‌లో అయితే మధ్యలో ఒకసారి కలపాలి.

పచ్చి చికెన్‌ను కుళాయి కింద ధారగా కడగొద్దని చెబితే మా ఇంట్లో కూడా ఎవరూ వినలేదు. ఆ తుంపరలతో సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ లాంటి బ్యాక్టీరియా సింకు చుట్టూ, పక్కనున్న గిన్నెల మీదా పడతాయి. కడగకపోతే మనసొప్పదనుకుంటే గిన్నెలో నీళ్లు పోసి నెమ్మదిగా కడిగి, ఆ నీళ్లు జాగ్రత్తగా ఒంపి, తర్వాత సింకును, చేతులను సబ్బుతో కడగండి. ఆ కత్తితోనే సలాడ్ కోయకండి. క్రిములు చచ్చేది ఉడికినప్పుడే. ముక్క మధ్యలో 74 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి. కుక్కర్‌లో ఆ బెంగ లేదు. పెనం మీద కాల్చినప్పుడు మాత్రం అన్నిటికంటే మందంగా ఉన్న ముక్కను విరిచి చూడండి, లోపల గులాబీ రంగు ఉండకూడదు. ఎముక పక్కన కాస్త నల్లెరుపుగా కనిపిస్తే కంగారు పడొద్దు. లేత కోడి ఎముకలోని మూలుగ రంగు అది.

బ్రాయిలర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారన్న వాట్సాప్ ఫార్వర్డ్‌ల గురించి మీరు అడగలేదు గానీ, రేపు అడుగుతారు. అది నిజం కాదు. బ్రాయిలర్ త్వరగా పెరగడానికి కారణం జాతి ఎంపిక, దాణా. ఆలోచించాల్సింది యాంటీబయాటిక్స్ వాడకం గురించి. కోళ్లకు, పశువులకు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని కేంద్రం 2019లో నిషేధించింది కూడా. నమ్మకమైన షాపులో, కళ్ల ముందు కోయించుకుని తెచ్చుకోవడం మంచిది.

మీ వారు మూడు నెలలు ఇలా తిని, రోజూ అరగంట చురుగ్గా నడిచి, మళ్లీ లిపిడ్ పరీక్ష (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించుకోవాలి. 10 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి, ముందు రోజు విందులు, మద్యం ఉండకూడదు. షుగర్, థైరాయిడ్ పరీక్షలు మాత్రం ఇప్పుడే చేయించండి. వాటి వల్ల కూడా ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి. మాత్రలు ఇప్పటికే రాసి ఉంటే, తిండి మార్చాం కదా అని మీ అంతట మీరు ఆపొద్దు.

ఇక మీ గురించి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. చికెన్ తింటే రక్తం పడుతుందనుకుంటారు గానీ 100 గ్రాముల చికెన్‌లో ఐరన్ ఒక మిల్లీగ్రాము అటూఇటూ ఉంటుంది. మీకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలి. లివర్‌లో చాలా ఎక్కువ. గర్భం లేకపోతే వారానికోసారి కాస్త తినొచ్చు. పైన నిమ్మరసం పిండుకుంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. భోజనమవగానే టీ తాగితే అది తగ్గిపోతుంది. అయితే 10.6ను తిండితోనే సరిచేయడం కష్టం, ఐరన్ మాత్రలు అవసరం కావచ్చు. నెలసరి ఎక్కువగా అవుతోందా, ఇంకేదైనా కారణముందా అన్నది కూడా తేలాలి. మీ వారి లిపిడ్ పరీక్షకు మూడు నెలలు ఆగొచ్చు, మీరు మాత్రం ఈ వారంలోనే డాక్టర్‌కు చూపించుకోండి.