క్యాప్సూల్‌కి అంటిన మసి తుడవొద్దు

క్యాప్సూల్, అంటే అంతరిక్షం నుంచి భూమికి తిరిగొచ్చే చిన్న గదిలాంటి నౌక, దిగాక ఏమవుతుందని అడిగారు. కొన్ని మ్యూజియాలకు చేరతాయి, కొన్నిటిని బాగుచేసి మళ్లీ పంపుతారు. అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్ వాళ్ల ఎండీవర్ క్యాప్సూల్ 2020లో మొదటిసారి వెళ్లొచ్చింది, ఆ తర్వాత నాలుగేళ్లూ ఏటా వెళ్లింది. నేను చెప్పాలనుకున్నది మాత్రం ఢిల్లీలో ఉన్నదాని గురించి.

మాది సూళ్లూరుపేట. శ్రీహరికోటలో రాకెట్ లేచిందంటే మిద్దెక్కి చూడటం, కాసేపటికి కిటికీలు అదరడం చిన్నప్పటి నుంచీ మామూలే. పోయేవాటిని ఎన్నో చూశాం, తిరిగొచ్చినదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు.

పాప ఐదో తరగతిలో ఉండగా ఢిల్లీ వెళ్లాం. తీన్‌మూర్తి దగ్గర నెహ్రూ ప్లానెటోరియంలో సోవియట్ వాళ్ల క్యాప్సూల్ సోయుజ్ టి-10 ఉంది. 1984 ఏప్రిల్ 11న రాకేశ్ శర్మ కజకిస్తాన్‌లో దిగింది అందులోనే. వెళ్లింది టి-11లో, వచ్చింది టి-10లో. క్విజ్ పుస్తకాల్లో రెండూ కలిపేస్తుంటే ఒళ్లు మండుతుంది. ఎనిమిది రోజుల ప్రయాణాన్ని సరిగ్గా రాయడానికి ఒక్క అంకె చూసుకోలేరా?

దగ్గరికెళ్లి చూస్తే కట్టెల పొయ్యి మీద ఏళ్ల తరబడి వాడిన పెద్ద కాగులా ఉంది. అడ్డంగా రెండు మీటర్ల పైచిలుకు, అంతే. "ఇందులో ముగ్గురా నాన్నా?" అంది పాప. అక్కడే గచ్చు మీద నేను, మా ఆవిడ, పాప మోకాళ్లు గడ్డం దాకా ముడుచుకుని కూర్చున్నాం. రెండు నిమిషాలకే నా కాళ్లు తిమ్మిరెక్కాయి. పాప మాత్రం లేవలేదు, గాలిలోంచి దూసుకొస్తూ కాలిన ఆ నల్లటి మరకల్నే చూస్తూ ఉండిపోయింది. రైల్లో తిరిగొచ్చేటప్పుడు దారి పొడవునా ప్రశ్నలే. అంత మంటలో లోపలివాళ్లకు సెగ తగలదా? పారాచూట్ తెరుచుకోకపోతే? పదేళ్లు రాకెట్లు చూసి కూడా ఎప్పుడూ అన్ని అడగలేదు. పిల్లలకు సైన్స్ ఎక్కాలంటే మెరిసే నమూనాలు కాదు, కాలిన అసలు వస్తువే చూపించాలి. ఇందులో నాకు అనుమానమే లేదు.

మనకూ ఒకటి తిరిగొచ్చింది. 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచే వెళ్లిన 550 కిలోల ఇస్రో క్యాప్సూల్ ఎస్‌ఆర్‌ఈ-1, మనుషులెవరూ లేకుండా పన్నెండు రోజులు తిరిగి, 22న శ్రీహరికోటకు 140 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. కోస్ట్‌గార్డ్ వాళ్లు బయటికి తీశారు. మా ఊళ్లో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది?

మనవాళ్లను అంతరిక్షంలోకి పంపే ఇస్రో గగన్‌యాన్‌లో మొదట మనుషులతో వెళ్లొచ్చే క్యాప్సూల్‌ని ఢిల్లీకో బెంగళూరుకో పంపకండి. మా సూళ్లూరుపేటలో పెట్టండి, మసి తుడవకుండా.