తక్కెడ పళ్లెం కింద బెల్లం

చిన్నోడా,

పర్లాకిమిడిలో కిరాణా కొట్టు పెడుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. మంచిది. ర్యాకులు, లైట్ల గురించి నన్నడగమన్నావట, అవి వడ్రంగి చూసుకుంటాడు గానీ నేను చెప్పేది వేరే.

గుణుపురంలో నేను కొట్టు పెట్టిన కొత్తలో ఇంకా తక్కెడే. ఒక సంతరోజు కొండ మీంచి వచ్చిన సవర తెగ ముసలాయన బెల్లం పొట్లాం చేత్తో ఎత్తి చూసి, ఏమీ అనకుండా బల్ల మీద పెట్టేసి నిలబడ్డాడు. నాకు కోపం వచ్చింది, అంకెలు రానివాడు నా తూకం తప్పంటాడా అని. ఆయన వెళ్లిపోయాక సరుకు పెట్టే పళ్లెం తిప్పి చూస్తే అడుగున బెల్లం, చింతపండు జిగురు, దానికంటుకున్న కాగితం ముక్కలు. ఎన్నాళ్ల నుంచి ఎంతమందికి తక్కువ తూచానో ఇప్పటికీ తెలీదు. మరుసటి సంతకి ఆయన్ని వెతికి పావుకిలో బెల్లం ఇచ్చాను, తీసుకున్నాడు గానీ నా కొట్టుకి మళ్లీ రావడానికి ఏడాది పట్టింది.

ఇప్పుడు నీది కరెంటు కాటా. ఏడాదికోసారి తూనికలు కొలతల వాళ్లచేత ముద్ర వేయించాలి, సరే, కానీ రోజూ పొద్దున్నే నువ్వే ఒక తూకం రాయి పెట్టి చూసుకో. అంకెలు కొనేవాళ్ల వైపు కనబడాలి, గిన్నెలో తూస్తే గిన్నె బరువు తీసెయ్యాలి, చదవలేనివాళ్లకి పైకి చదివి చెప్పు. ఫ్రిజ్‌లో పెట్టామని కూల్‌డ్రింకు మీద రెండు రూపాయలు ఎక్కువ తీసుకుంటారు చూడు, ఎమ్మార్పీ దాటకూడదు, ఆ పని నువ్వు చెయ్యకు.

అప్పు ఇవ్వకుండా మన వైపు కొట్టు నడవదు, ఇవ్వనని బోర్డు పెట్టినవాళ్లంతా రెండో నెలకే తీసేశారు. ఎవరికి ఎంతవరకో ముందే అనుకో, వాళ్లెదురుగానే రాసి చదివి వినిపించు, జీడిపిక్కలు అమ్ముడయ్యే వేసవిలోనే వాళ్ల చేతిలో డబ్బాడుతుంది కాబట్టి అప్పుడే అడుగు. నలుగురిలో మాత్రం అడక్కు.

ఫోన్‌పే డబ్బులు వాళ్ల ఖాతాలో కట్ అయి నీకు రాకపోతే దొంగని చూసినట్టు చూడొద్దు, కొండల్లో సిగ్నల్ సంగతి నీకు తెలుసు కదా. లావాదేవీ నంబరు రాసుకుని సరుకిచ్చి పంపించు. కానీ నీ క్యూఆర్ మీద ఇంకొకడి స్టిక్కర్ అంటించి లేదని రోజూ కొట్టు తెరవగానే చూసుకో.

కాగితాల సంగతి పొట్టిగా చెప్తాను. తినే సరుకులమ్ముతావు కాబట్టి ఆహార భద్రత వాళ్ల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ చేయించు. మనది ఒడిశా కాబట్టి బోర్డు మీద ఒడియా ఉండాలి, తెలుగు దాని కింద రాయించుకో. బోర్డరు అవతల పాతపట్నం వాళ్లు కొట్టుకొచ్చి కొనుక్కెళ్తే గొడవ లేదు, నువ్వే సరుకు ఆంధ్రాకి పంపితే మాత్రం అమ్మకాలు ఎంత చిన్నవైనా జీఎస్టీ నంబరు కావాలి, చిన్న వ్యాపారులకిచ్చే కాంపొజిషన్ అనే జీఎస్టీ పద్ధతిలో ఉంటే అసలు పంపకూడదు. బోర్డరు దాటితే మూడడుగులే కదా అనుకుంటారు అందరూ.

ఆ తక్కెడ ఎప్పుడో అమ్మేశాను, తూకం రాళ్లు ఇంకా అటక మీదున్నాయి. దసరాకి వచ్చేటప్పుడు కిలో రాయి తెస్తాను, నీ కొత్త కాటా మీద పెట్టి చూద్దాం.

మీ మావయ్య